ఖాళీ సీసా కోసం చంపాపేట్ దాకా

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా వీధిలో ఎవరైనా మొదట అడిగేది ముత్యాలు తెచ్చావా, బిస్కెట్లు తెచ్చావా అని. ఈసారి నేను తెచ్చింది చిటికెన వేలంత సీసా ఒకటి. మామూలు రోజుల్లో దానికోసం ఎవరూ ఊరు దాటరు. కొరియర్ అతను తెచ్చి, సంతకం పెట్టించుకుని పోతాడు. అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం కావడంతో నేనే వెళ్లాల్సి వచ్చింది. వెళ్లింది సోమవారం, తిరిగి వచ్చింది బుధవారం. గోల్కొండ చూడలేదు, చార్మినార్ చూడలేదు. చూసిందల్లా ఎల్బీనగర్ చౌరస్తా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందు, చంపాపేట్‌లో ఒక ఇంటి వెనక గది.

గుంటూరులో, బయల్దేరే ముందు

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే లెక్చరర్‌ని. పీహెచ్‌డీ చేస్తానంటే కాలేజీ వాళ్లు మూడేళ్లు సెలవిచ్చారు. అందులో రెండేళ్ల పది నెలలు ఎలా పోయాయో పోయాయి. మిగిలిన రెండు నెలల్లో ఆఖరి ప్రయోగం అయితే పట్టా, కాకపోతే మళ్లీ బోర్డు ముందు కప్ప గుండెకు ఎన్ని గదులో చెప్పుకుంటూ రిటైరవడం.

నా పని కోడిగుడ్డు పిండంలోంచి నాడీకణాలను తీసి చిన్న పళ్లేలలో పెంచడం. వాటికి తిండితో పాటు ఇంకొకటి కావాలి. నరాల ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్ అది, మన ఒంట్లోనే తయారవుతుంది. ఒకప్పుడు మగ ఎలుకల లాలాజల గ్రంథుల్లోంచి తీసేవారు. ఇప్పుడు మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, దానిచేత తయారు చేయించి, శుద్ధి చేసి, ఎండబెట్టి సీసాలకెత్తి అమ్ముతున్నారు. రోగులకు ఇచ్చే మందు కాదది, పరిశోధనశాలల్లో వాడకానికి మాత్రమే. ఆ సంగతి సీసా మీదే రాసి ఉంటుంది. ఈ ప్రోటీన్ తగిలితే కణంలోంచి సన్నటి పోగులు నాలుగు వైపులా సాగుతాయి. తగలకపోతే కణం రెండు మూడు రోజుల్లో ముడుచుకుని చచ్చిపోతుంది.

ఒక్కో సీసాలో ఉండేది ఇరవై మైక్రోగ్రాములు. అంటే కంటికి ఆనదు. గాజుకు అంటుకున్న పొరలా ఎక్కడో ఉంటుంది, చూసేవాళ్లకు సీసా ఖాళీ. మొదటిసారి తెప్పించినప్పుడు నేనే కంపెనీకి ఫోన్ చేసి, ఇరవై రెండు వేలు తీసుకుని ఖాళీ సీసా పంపుతారా అని పోట్లాడాను. అవతలి మనిషి విసుక్కోలేదు. కొత్తవాళ్లందరూ ఇలాగే ఫోన్ చేస్తారని చెప్పాడు.

ఈసారి సీసా హైదరాబాదు దాకా వచ్చి ఆగిపోయింది. పెద్ద కొరియర్లు పార్సిళ్లు తీసుకోవడం మానేశాయని డీలరు గుమస్తా దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కౌంటర్‌లో ఇచ్చాడట. ఆ మర్నాటి నుంచి వాళ్ల బండ్లూ ఆగాయి. నా దగ్గరున్న పాత సీసాలోని చివరి చుక్క సోమవారం పొద్దున కణాలకు పోశాను. మళ్లీ పోయాల్సింది బుధవారం రాత్రి. గురువారం దాకా ఓర్చుకుంటాయేమో గానీ శుక్రవారానికి ఆశ లేదు. మళ్లీ గుడ్లు తెచ్చి మొదలు పెట్టే వ్యవధి నాకు లేదు. పళ్లేలను తోటి పరిశోధకురాలు పద్మకు అప్పగించి, సంచిలో ఒక థర్మాస్ ఫ్లాస్కు, ల్యాబు థర్మామీటరు వేసుకుని బయల్దేరాను.

ఫ్లాస్కు ముందు జాగ్రత్తకే. ఈ సరుకు పొడిగా ఉన్నన్నాళ్లు మా గుంటూరు ఎండుమిర్చి లాంటిది, కాస్త వేడికి ఏమీ కాదు. నీళ్లలో కరిగిందా, పాలతో సమానం. చల్లగా పెట్టకపోతే పాడైపోతుంది.

కోదాడ దాటాక

బస్సు కోదాడ దాకానే వెళ్లింది. అక్కడి నుంచి సుమోలో మనిషికి మూడు వందల యాభై. మామూలు రోజుల్లో ఆ డబ్బుతో రానూ పోనూ తిరగొచ్చు. బండి కదిలే ముందు డ్రైవరు అద్దం దగ్గరున్న 'జై సమైక్యాంధ్ర' అట్టముక్క తీసి సీటు కింద పెట్టి, సీటు కిందున్న 'జై తెలంగాణ' అట్టముక్క తీసి అద్దానికి ఆనించాడు. ఏ ఎండకా గొడుగు. రోజుకు రెండుసార్లు అట్ట మారుస్తాడట, ఒకసారి మరిచిపోతే అద్దం పోయిందట.

సూర్యాపేట దగ్గర హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు పక్కన ఒకామె సీతాఫలాలు గంపలో పెట్టుకుని కూర్చుంది. మావైపు లెక్కపెట్టి అమ్ముతారు. ఆమె గంప మొత్తానికి బేరం చెప్పింది. నేను ఒక్కదాన్ని, గంపేం చేసుకుంటానంటే, బండిలో ఎనిమిది మందున్నారు కదా అని ఎదురు ప్రశ్న వేసింది. అరవై రూపాయలిచ్చి కొన్నాను. హయత్‌నగర్ వచ్చేసరికి బండి నిండా గింజలే.

ఎల్బీనగర్: నడిరోడ్డు మీద భోజనం

చౌరస్తాకు ఇంకా అంత దూరం ఉండగానే బండి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటావార్పు అన్నారు. రాస్తారోకో అంటే రోడ్డు మీద కూర్చోవడమని తెలుసు గానీ, రోడ్డు మీదే వండి వచ్చేపోయేవాళ్లకు వడ్డించడం నేను చూడలేదు. మావైపు నడిరోడ్డు మీద విస్తరి పడాలంటే అది పెళ్లయినా కావాలి, రాజకీయ నాయకుడి పుట్టినరోజైనా కావాలి.

సమ్మెలో ఉన్న స్కూలు మాస్టరు ఒకాయన బండి దగ్గరికి వచ్చాడు. అందరూ ఆయన్ని లెక్కల సారు అంటున్నారు. మెడలో గులాబీ కండువా, చేతిలో పచ్చి పులుసు గరిటె. ఎక్కడి నుంచి వస్తున్నామని అడిగాడు. గుంటూరు నుంచండీ అన్నాను. డ్రైవరు నా వైపు ఒక చూపు చూశాడు. పక్క ఊరనో సూర్యాపేటనో చెప్తే నా సొమ్మేం పోయిందని ఆ చూపుకు అర్థం. లెక్కల సారు మాత్రం గరిటె ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"గుంటూరా? అయితే పొద్దుగాల బయలెల్లి ఉంటరు. దిగుండ్రి మేడమ్, ముందు తినుండ్రి. తిన్నంక లొల్లి పెట్టుకుందాం."

అన్నం, పప్పుచారు, వంకాయ కూర, పచ్చి పులుసు. మావైపు పులుసంటే మరగాలి. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ పిసికి, కాల్చిన మిరపకాయ నలిపి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకు ఇదేం వంటా అనుకున్నాను, మూడో ముద్దకు ఇంకొంచెం పోయమన్నాను. తిన్నాక లొల్లి కూడా నిజంగానే పెట్టుకున్నాడు. నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి వేళ్ల మీద లెక్కలు చెప్పాడు. నాకు తెలిసిన జవాబులు నేనూ చెప్పాను. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఏం పని మీద వచ్చానని అడిగితే నరాల ప్రోటీన్ సంగతి చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, మేడమ్ కోడిగుడ్లల్ల నరాలు పెంచుతదట అని అందరికీ వినబడేలా చెప్పాడు.

అక్కడి నుంచి మొదలు. ఒకాయన వాళ్లమ్మ మోకాళ్లకు పనికొస్తుందా అన్నాడు. ఇంకొకాయనకు ఎడమ చెయ్యి తిమ్మిరట. అది మందు కాదు, అది మందు కాదని ఆ మూడు రోజుల్లో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అందరూ విని తలూపి, మరి ఎప్పుడు వాడాలి, తిన్నాకా, తినకముందా అని అడిగినవాళ్లే.

దిల్‌సుఖ్‌నగర్: సగం తెరిచిన షట్టర్

ఎల్బీనగర్ నుంచి షేర్ ఆటోకు ముప్పై తీసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు మనుషులకంటే ఎక్కువున్నాయి. వాటి కింద తలుపులన్నీ మూసేశారు. రోజుకు రెండు వందలకు ఆడపిల్లల హాస్టల్లో మంచం దొరికింది. నడిపే రత్నంగారిది పాలకొల్లు. వచ్చి పద్నాలుగేళ్లయినా మాటలో గోదావరి తగ్గలేదు. యాభై మందికి గాను పద్దెనిమిది మంది మిగిలారట, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదట.

"ఫ్రిజ్జు ఉందండీ, ఎందుకూ? అందులో బట్టలు పెట్టుకోవాలి. పాలు పొద్దున పోయించుకుంటే మధ్యాహ్నానికి విరిగిపోతున్నాయి," అన్నారు.

సాయంత్రం హాస్టల్లో మిగిలిన వరంగల్ పిల్లలు వరండాలో తంగేడు పూలు, గునుగు పూలు పోగేసుకుని బతుకమ్మ పేరుస్తుంటే, ఆవిడే లోపలి నుంచి పెద్ద ఇత్తడి తాంబాళం తెచ్చి ఇచ్చారు. మా వైపు దసరాకు బొమ్మలు మెట్లమీద పేరుస్తాం, దేవుణ్ణి పూలతో పూజిస్తాం. ఇక్కడ పూలనే పూజించి నీళ్లలో వదిలేస్తారు. రత్నంగారు చప్పట్లు కొడుతూ మూడు చుట్లు తిరిగి, వచ్చి నా పక్కన కూర్చుని, రాష్ట్రం రెండైతే హాస్టల్ అద్దె మాటేమిటని దిగులుపడ్డారు. ఆ రెండూ ఒకే మనిషి పది నిమిషాల వ్యవధిలో చేయడం నాకు వింతగా అనిపించింది.

మర్నాడు ఇడ్లీ తిని (ప్లేటు ఇరవై, చట్నీ రెండోసారి వేయరు) కొరియర్ వెతుక్కుంటూ వెళ్లాను. తీరా చూస్తే అది పోచంపల్లి చీరల కొట్టు. షట్టర్ నడుము దాకా ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్తే చీరల బీరువాల మధ్య చిన్న బల్ల, తూకం మిషను, రబ్బరు స్టాంపు. అదీ కొరియర్ ఆఫీసు. యజమాని నరసింహకు నలభై ఉంటాయి. చీరలు అమ్మి ఇల్లు నడవదని కొరియర్ పెట్టుకున్నాడట. ఇప్పుడు రెండూ లేవు.

పార్సిల్ అనగానే అతని మొహం తేటపడింది. "గుంటూరు డబ్బనా మేడమ్? ఉన్నది, పైలంగ ఉన్నది. మీద సల్లగ ఉంచాలె అని రాసిండ్రు గద. ఇంట్ల ఫ్రిజ్ ఉన్నది గని కరెంటే లేదాయె. గందుకే మా అమ్మ మగ్గం గుంటల పెట్టింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. గుంట మగ్గం అంటే నేల మీద గొయ్యి తీసి, నేసే మనిషి కాళ్లు అందులో పెట్టుకుని కూర్చునే మగ్గమని, ఎంత ఎండలోనైనా ఆ గొయ్యి చల్లగా ఉంటుందని వివరించాడు. మట్టిలో తేమ ఉంటేనే నూలు తెగదట, అందుకని దాన్ని ఎప్పుడూ ఎండనివ్వరట. నాకు అతని మీద గౌరవం కలిగింది. ఎంతమంది కొరియర్ వాళ్లు పెట్టె మీది అక్షరాలు చదువుతారు? ఆ సంతోషంలో ఎనిమిది వందల యాభైకి ఒక రవికె గుడ్డ, దుపట్టా కొని, అతని స్కూటరెక్కాను.

చంపాపేట్: మగ్గం గుంట

మెయిన్ రోడ్డు వదిలి రెండు సందులు తిరిగితే రేకుల గది ఉన్న ఇల్లు. నరసింహ తల్లి అండాలమ్మకు డెబ్బై పైన ఉంటాయి. పోచంపల్లి పక్క ఊరి నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చేటప్పుడు మగ్గం విప్పి బండి మీద వేసుకుని తెచ్చుకున్నారట. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నేసేది ఆవిడ ఒక్కతే. నన్ను చూసి నేసే పని ఆపి, సత్తుపిండి ముద్ద చేతిలో పెట్టింది. వేయించిన పెసలు, బెల్లం వాసన వచ్చింది. నేను థర్మామీటరు తీసి గదిలో ఒకసారి, గుంటలో ఒకసారి పెట్టి చూశాను. గదిలో ముప్పై రెండు. గుంటలో ఇరవై నాలుగు. మా యూనివర్సిటీ శీతల గది జనరేటర్ లేనప్పుడు ఇంతకంటే మెరుగ్గా ఏమీ ఉండదు.

నరసింహ గుంటలోకి వంగి స్టీలు టిఫిన్ డబ్బా పైకి తీశాడు. గుంట తేమకు అట్టపెట్టె నానుతుందని సీసాను అందులోకి మార్చారట. డబ్బాలో ప్లాస్టిక్ కవరు, కవరులో తడిపి పిండిన నూలుగుడ్డ, గుడ్డలో సీసా. సీసా నాకు ఖాళీగా కనబడాలి. మెడ దాకా నీళ్లున్నాయి.

మగ్గం పక్కనే నేల మీద కూర్చున్నాను. దీన్ని ఎవరు తెరిచారని అడిగాను. నరసింహ తాను మూత ముట్టలేదని పిల్లల మీద ఒట్టేశాడు. అండాలమ్మ తడిగుడ్డను మడత పెడుతూ ఉంది. మడత పెట్టడం అయిపోయింది, విప్పి మళ్లీ పెట్టింది.

"నేనే పోసిన," అంది.

నరసింహ తల్లి వైపు తిరిగాడు. ఆవిడ అతణ్ణి చూడలేదు, నాతోనే చెప్పింది. "నిన్న పొద్దుగాల సీస ఎండిందా, పలిగిందా అని చూసిన. లోపట ఏం లేదు. నా చేతులకొచ్చినంక ఎండిపాయె అనుకున్న. శాన పిరం మందని మావోడు చెప్పిండు. రేపు మీరొచ్చి అడిగితె ఆడేం జెప్తడు? మనుమనికి జరమొస్తె ఇచ్చే పొడి మందుల నీళ్లు పోస్తం గద. గట్లనే పోసిన బిడ్డా."

పిల్లల పొడి మందు సంగతి తెలియని ఇల్లు ఎక్కడుంది? కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కుదపమని ప్రతి మందుల షాపువాడూ చెప్తాడు. దీనికి గీత లేదు కాబట్టి ఆవిడ మెడ దాకా పోసింది. అది మందు కాదని ఊరందరికీ చెప్పిన నేను, చెప్పాల్సిన ఒక్క మనిషి దగ్గరికి ఒక రోజు ఆలస్యంగా వచ్చాను.

ఇదంతా ఇప్పుడు ఆలోచించి రాస్తున్నాను. అప్పుడు నాకు కళ్లముందు కనబడింది కప్ప గుండె బొమ్మ, నల్లబోర్డు. "తెలియనప్పుడు ముట్టుకోకుండా ఉండాల్సిందమ్మా," అన్నాను. అన్న తీరు బాగాలేదు. సత్తుపిండి ముద్ద నా చేతిలో ఇంకా సగం ఉంది, అది తినాలో పక్కన పెట్టాలో తెలియలేదు.

కాసేపటికి నాలోని లెక్చరర్ లేచింది. అయిందేదో అయింది, ఏ నీళ్లు, ఎలా పోశారని అడగడం మొదలుపెట్టాను. మంజీరా నీళ్లే, నల్లా నీళ్లు. స్టీలు గిన్నెలో మసలడం మొదలయ్యాక రెండు వందల దాకా లెక్కపెట్టింది. మూత తీయకుండానే చల్లార్చింది. మనుమడికి మందు పట్టే సూది లేని సిరంజితో పోసింది, దాన్ని కూడా అదే నీళ్లలో మరగబెట్టింది. ఎంత పట్టిందన్నాను. సిరంజి తెచ్చి చూపించింది. ఒక మిల్లీలీటరుది.

"గిది రెండు మార్లు. రెండోసారి గీ గీత కాడ ఆపిన. ఒక్క చుక్క కింద పోలె."

ఆమె వేలు పెట్టిన గీత పాయింట్ ఎనిమిది దగ్గర ఉంది. అంటే మొత్తం ఒకటీ పాయింట్ ఎనిమిది మిల్లీలీటర్లు. చుక్క పోలేదంటే నమ్మబుద్ధేసింది, నలభై యాభై ఏళ్లుగా రంగులు కొలిచి పోగులు లెక్కపెట్టిన చేతులవి. మా ల్యాబులో చేరే కొత్త పిల్లలు ఇంత వివరంగా చెప్పరు. ఆ మాట ఆవిడతో అని ఉండాల్సింది. అనలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఎండుమిర్చి కాస్తా పాలైంది. దీన్ని నిజంగానే చల్లగా ఉంచాలి. హాస్టల్లో ఫ్రిజ్జు బట్టలు పెట్టుకోవడానికి. బుధవారం తెల్లవారే దాకా బండి లేదు. ఆలోచించగా ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన అన్నిటికంటే చల్లటి చోటు మగ్గం గుంటే. సీసాను మళ్లీ అండాలమ్మ చేతికే ఇచ్చి, పొద్దున వస్తానన్నాను. ఆవిడ తీసుకుని గుంటలోకి దిగింది.

మళ్లీ ఎల్బీనగర్: మజ్జిగ డ్రమ్ము

బుధవారం పొద్దున నరసింహ నన్ను, ఫ్లాస్కును, డబ్బాను స్కూటరు మీద ఎల్బీనగర్ తెచ్చాడు. దారిలో ఐసు కోసం నాలుగు చోట్ల ఆగాం. జ్యూసు షాపు మూశారు. చేపలాయన దగ్గర ఐసు లేదు, చేపలూ లేవు. ఒక బార్ ముందు ఆగి నేను ఐసు అడుగుతుంటే నరసింహ దూరంగా స్కూటరు తుడుస్తూ నిలబడ్డాడు. అక్కడా లేదు.

చౌరస్తాలో మళ్లీ పొయ్యిలు వెలిగించారు. వరుస తప్పక అదే లెక్కల సారు. ఈసారి చేతిలో గరిటె లేదు, నీలం డ్రమ్ములో మజ్జిగ కలుపుతున్నాడు. మజ్జిగలో ఇటుకంత ఐసు గడ్డ తేలుతోంది. ఆటోనగర్ ఐసు ఫ్యాక్టరీ వాళ్లు జనరేటరు పెట్టి సమ్మె కోసం రోజుకొకటి పంపుతున్నారట. నేను ఫ్లాస్కు చూపించి సంగతి చెప్పాను. నీళ్లు పోసిన సంగతి కూడా. పక్కనున్న ఒకాయన ఒప్పుకోలేదు. ఎండలో కూర్చునే ముసలివాళ్ల కోసం పెట్టిన ఐసు గుంటూరు పోవడమేమిటన్నాడు. న్యాయంగా చూస్తే ఆయన మాటలో తప్పేమీ లేదు.

లెక్కల సారు గడియారం చూసుకున్నాడు. "ముసలోళ్లు పదకొండు దాటినంకనే ఒస్తరు. మేడమ్ కణాలకు రాత్రికి పోయకుంటె సచ్చిపోతయట. ఎవలకు ముందియ్యాలె, నువ్వే చెప్పు."

ఒప్పుకోనాయనే రాయి తెచ్చి గడ్డ పగలగొట్టాడు. మజ్జిగ వాసనేసే ఐసు ఫ్లాస్కు నిండా కూరి, మధ్యలో డబ్బా దూర్చి మూత బిగించాం. కరగకముందే చేరాలంటే ఎంత వేగంతో పోవాలో లెక్కల సారు నేల మీద సుద్దతో వేసి చూపించాడు. ఆ వేగంతో ఏ సుమో పోదు.

నందిగామ దగ్గర ఫ్లాస్కు కుదిపితే నీళ్ల చప్పుడే వినబడింది. విజయవాడ బస్టాండులో సోడా బండి అతను పది రూపాయలకు గుప్పెడు ఐసు వేశాడు. డ్రైవరు మరి అట్టముక్క ఎక్కడ మార్చాడో, నేను చూడలేదు.

గుంటూరు

ఏడు కాకముందే ల్యాబులో ఉన్నాను. పళ్లేలలో కణాలు గుండ్రంగా ముడుచుకోవడం మొదలుపెట్టాయని పద్మ చెప్పింది. సీసాలోని నీళ్లను క్రిములు దాటలేని సన్నటి వడపోత గుండా పంపి, ఒకటీ పాయింట్ ఎనిమిది లెక్కతోనే పాళ్లు కట్టి పోశాను. పనిచేస్తుందన్న నమ్మకం నాకు పావలా వంతు కూడా లేదు. నల్లా నీళ్లు, రెండు రోజులు మట్టి గుంట, మజ్జిగ ఐసు. ఏ పుస్తకంలోనూ ఇలా చేయమని లేదు.

గురువారం ఏమీ కనబడలేదు. శుక్రవారం పొద్దున సూక్ష్మదర్శినిలో చూస్తే మూలనున్న ఒక కణం నుంచి పోగు సాగింది. తర్వాత దాని పక్కదాని నుంచి. సాయంత్రానికి పళ్లెంలో సగానికి పైగా కణాలకు నాలుగు వైపులా పోగులు. పద్మ చూసి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు.

సమ్మె అయ్యాక కొత్త సీసా వచ్చేదాకా ఆ కణాలు అండాలమ్మ నీళ్ల మీదే బతికాయి. ఆఖరి ప్రయోగం సెలవు ముగియడానికి తొమ్మిది రోజుల ముందు పూర్తయింది.

మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. ఏ సీసా కరిగించినా రిజిస్టర్లో రాయాలి. ఏ సరుకు, ఏ నీళ్లు, ఎంత, ఎక్కడ ఉంచారు, చివరి గడిలో కరిగించినవారి పేరు. మొదటి నాలుగు గడులూ నింపి గైడు గారి దగ్గరికి తీసుకెళ్లాను. 'మగ్గం గుంట, ఇరవై నాలుగు డిగ్రీలు' అన్నచోట ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. నీళ్లు మరగబెట్టినవేనా అని అడిగారు. మరగబెట్టి, మూత తీయకుండా చల్లార్చినవి అన్నాను. చివరి గడి ఖాళీగా ఉందేమన్నారు. పూర్తి పేరు తెలుసుకుని రాస్తానన్నాను.

నరసింహకు ఫోన్ చేసి వాళ్లమ్మకు ఇమ్మన్నాను. కణాలు బతికాయని చెప్పాను. పోగులు వచ్చాయని చెప్పాను. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందని కూడా చెప్పాను. ఆ తర్వాత పూర్తి పేరు అడిగాను.

"నా పేరెందుకు బిడ్డా? కేసు పెడ్తవా?"

కేసు కాదు, ఎవరు కలిపారో వాళ్ల పేరు పుస్తకంలో రాయాలి, అది మా పద్ధతి అన్నాను. అవతల మగ్గం ఆడుతున్న శబ్దం లేదు.

"యాభై ఏండ్ల సంది నేస్తున్న," అంది. "ఒక్క చీర మీద గూడ నా పేరు రాయలె. షాపోని పేరు రాస్తరు, ఊరి పేరు రాస్తరు. మీ పుస్తకంల రాస్తరా?"

రాస్తానన్నాను.

"అయితె మంచిగ రాయి. అండాలమ్మ, పెనిమిటి పేరు వద్దు."

చివరి గడిలో అంతే రాశాను. దాని పక్కన గైడు గారి సంతకం ఉంది.